గున్నయ్య ఉక్కుపాదం

ఒక పెద్ద అడవిలో గున్నయ్య అనే ఏనుగు ఉండేవాడు. గున్న అన్నది పసితనంలో పెట్టిన ముద్దుపేరు. ఒళ్లు కొండంత అయినా పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

గున్నయ్యకి ఒకటే పని. పొద్దున్నే కుందేలు పిల్లల్నీ ఉడత పిల్లల్నీ వీపు మీద ఎక్కించుకుని ఏరు దాటించడం, సాయంత్రం మళ్లీ తీసుకురావడం. ఏటిగట్టు మీద తీతువు పిట్ట ఒకటి గూడూ గీడూ లేకుండా ఒట్టి నేలమీదే, గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు పెట్టింది. గుడ్డేదో రాయేదో పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు. అయినా తీతువు నిశ్చింతగానే ఉండేది. ఎందుకంటే గున్నయ్య అరికాలు మెత్తన. అడుగు వేసేముందు నేలని అడుగుతాడని అడవిలో అందరూ అనేవారు. చీమ తగిలినా కాలు పక్కకి పెట్టేవాడు.

ఆ అడవికి అధ్యక్షుడు భల్లంరాజు అనే ఎలుగుబంటి. ఉమ్మడి కొట్టులో దాచిన ఇప్పపువ్వు రోజురోజుకీ తరిగిపోతోందని ఒకసారి జంతువులన్నీ గోల పెట్టాయి. అంతకుముందే భల్లంరాజు, వనభోజనాల వాళ్లు పారేసిన పులిహోర పొట్లం నాకుతూ, ఆ కాగితం మీద పెద్దక్షరాల్లో ఉన్న మాటొకటి కోతి చేత చదివించుకున్నాడు. ఆ మాట ఆయనకి పులిహోర కన్నా రుచిగా అనిపించింది. సభలో లేచి, ఛాతీ విరుచుకుని, "దొంగతనాలపై ఉక్కుపాదం మోపుతాం" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. మనుషుల్లో అయితే అక్కడితో అయిపోయేది. కానీ కార్యదర్శి నక్కగారు ఆ మాటని పొల్లుపోకుండా ఫైల్లోకి ఎక్కించారు. ఎక్కిందంటే అమలు చేయాలి. పాదం కావాలి, అది ఉక్కుది అయ్యుండాలి. అడవిలో అన్నిటికన్నా పెద్ద పాదం గున్నయ్యది కాబట్టి సగం సమస్య తీరిపోయింది. ఇక మిగిలింది ఉక్కు.

ఉక్కు ఎవరింట్లోనూ లేదు. స్టీలు మాత్రం అందరిళ్లలోనూ ఉంది. అదంతా కార్తీకమాసంలో వనభోజనాలకి వచ్చిన మనుషులు మరిచిపోయిన సామాను. కాకి గరిటెలో ముఖం చూసుకునేది. కుందేళ్లు పళ్లెంలో నీళ్లు పోసుకునేవి. ఉడత, మూత బిగుతుగా పట్టే డబ్బాలో గింజలు దాచుకునేది. పైగా ఆ సామాను మీద మనుషులు కొట్టించిన పేర్లుండేవి. కోతి కొన్నాళ్లు బడి కిటికీ మీద కాపురమున్నది గనక నాలుగక్షరాలు చదివి పెట్టేది. ఏ గిన్నె మీద ఏముంటే అదే ఆ ఇంటిపేరు. అలా కుందేళ్లు 'సూరమ్మ జ్ఞాపకార్థం' వారయ్యారు, ఉడతలు 'వివాహ కానుక' వారయ్యారు.

ఉక్కూ స్టీలూ ఒకటే కదా అని నక్కగారు కోతిని అడిగారు.

కోతి బుర్ర గోక్కుంది. "ఒకటేనండి, కానీ ఒకటి కాదు. ఉక్కు మనిషి అంటారు, స్టీలు మనిషి అనరు. స్టీలు గ్లాసు అంటారు, ఉక్కు గ్లాసు అనరు. ఉక్కు మాటల్లో వాడేది. స్టీలు ఇంట్లో వాడేది."

ఆ తేడా రాయడానికి ఫైల్లో గడి లేదన్నారు నక్కగారు. మర్నాడే ఇంటింటికీ తిరిగి స్టీలంతా పట్టుకుపోయారు. ఉడత తన డబ్బాని కావలించుకుని కూర్చుంది. "గింజలు తీసుకుపోండి బాబూ. ఇంటిపేరు పట్టుకుపోతే మా అమ్మాయికి సంబంధాలెలా వస్తాయి?" అని ఏడ్చింది. నక్కగారు ఆ ఏడుపుని కూడా ఫైల్లో రాసుకుని డబ్బా లాక్కున్నారు.

వందమందికి పప్పు వండిన గుండిగ ఒకటి దొరికింది. గున్నయ్య కుడి ముందుకాలు అందులో దింపి, సందుల్లో గరిటెలూ గ్లాసులూ డబ్బాలూ కుక్కి, తీగలతో బిగించారు. గున్నయ్య అడుగు వేశాడు. పెళ్లివారి వంటసామాను మెట్ల మీంచి దొర్లినట్టు అడవంతా మోగింది.

కుందేలు పిల్లలు జడిసి ఏనుగెక్కడం మానేశాయి. అంతకన్నా పెద్ద కష్టం మూడోరోజు వచ్చింది. ఏటిగట్టు మీద గున్నయ్య కాలెత్తగానే తీతువు గొంతు చించుకుంటూ కాలికింద గిరగిరా తిరిగింది. గుండిగలో ఉన్న అరికాలికి నేల తెలియడం లేదు. కింద రాయుందో గుడ్డుందో తేలడం లేదు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా గున్నయ్య మూడు కాళ్ల మీదే నిలబడి, చివరికి పాత అడుగుల్లోనే వెనక్కి వెనక్కి జరిగి బయటపడ్డాడు. తన కాలంటే తనకే భయం వేసి, అంత ఏనుగూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

పాదం తీసేయమని నక్కగారిని బతిమాలాడు. ఆర్డరులో తొడగడం ఉంది గానీ తీయడం లేదన్నారాయన. ఉక్కుపాదం మోపే కార్యక్రమం అయ్యాక అధ్యక్షుల వారు సంతకం పెడితే తీస్తారట. ముహూర్తానికి ఇంకా వారం ఉంది.

"ఆ వారంలోనే నా పిల్లలు గుడ్డు పగలగొట్టుకుని బయటికొస్తాయన్నా. నువ్వు మాత్రం ఇటు రాకు" అంది తీతువు. గున్నయ్య ఏటివైపు వెళ్లడం మానేసి వానగుంటల్లో బురదనీళ్లు తాగాడు.

ఈలోగా ఇప్పపువ్వు మునుపటికన్నా జోరుగా మాయమవుతోంది. గున్నయ్య ఎక్కడున్నాడో ఇప్పుడు చెవులున్న ప్రతివాడికీ తెలుసు. గణగణ దూరంగా వినిపిస్తున్నంతసేపూ దొంగకి బెంగ లేదు. జాడ చెరుపుకోవాలన్న జాగ్రత్త కూడా పోయింది.

సభ రోజు పొద్దున్నే చిన్న జల్లు పడింది. కొట్టు ముందు నేలంతా మెత్తబడింది. భల్లంరాజు అడవిమల్లెల దండ వేసుకుని ఒక బండ మీద కూర్చున్నాడు. ఇక మోపమన్నారు నక్కగారు.

గున్నయ్య కాలెత్తి ఆగాడు. "దేని మీద మోపాలండీ?"

నక్కగారు ఫైలు తిరగేశారు. "దొంగతనంపై."

"దొంగతనం ఎక్కడుందండీ?"

అది ఫైల్లో లేదు. నేల సంగతి నేలమీద కాపురమున్న తీతువుకి తెలుసు. అది కొట్టు గుమ్మం దగ్గరికి పరుగెత్తి, బురదలో గోళ్లతో సహా దిగబడిన పాదం గుర్తు పక్కన నిలబడి, ఇక్కడ మోపన్నా అంది.

గున్నయ్య మోపాడు. అందరికన్నా ముందు భల్లంరాజే చప్పట్లు కొట్టాడు. తీతువు రెండో గుర్తు చూపించింది, మూడోది చూపించింది. గుర్తులు కొట్టు చుట్టూ తిరిగి, మైదానం దాటి, బండ వైపు మళ్లాయి. ఎనిమిదో గుర్తు దగ్గర భల్లంరాజు చప్పట్లు ఆగిపోయాయి. పదోదాని దగ్గర మెల్లిగా లేచి పక్క బండ మీదికి మారాడు. మారేటప్పుడు ఇంకో నాలుగు గుర్తులు పడ్డాయి. అచ్చం అవే గోళ్లు. గున్నయ్య వాటి మీద కూడా మోపాడు.

చివరి గుర్తు మీద భల్లంరాజు కాలే ఉంది.

గుండిగ అధ్యక్షుడి పాదం మీద గొడుగులా ఆగింది. సభలో వెనకవాళ్లంతా లేచి నిలబడ్డారు. కానీ గున్నయ్య గున్నయ్యే. ఎప్పుడూ అరికాలితో అడిగేవాడు, ఇవాళ అది పనిచేయడం లేదు గనక నోటితో అడిగాడు.

"అధ్యక్షా, కొంచెం కాలు తీస్తారా? ఆర్డరు ప్రకారం ఇక్కడ మోపాలి."

భల్లంరాజు తీయక చస్తాడా. తీశాడు. వేళ్ల సందుల్లో నలిగిన ఇప్పపువ్వు గుప్పుమని వాసన కొట్టింది.

ముందుగా ఉడత కదిలింది. గున్నయ్య కాలెక్కి తీగలు కొరకడం మొదలుపెట్టింది. సంతకం కాలేదని నక్కగారు అంటూనే ఉన్నారు, మిగతావాళ్లు కొరుకుతూనే ఉన్నారు. భల్లంరాజు ఆ సాయంత్రమే పదవికి దండం పెట్టి పక్క కొండకి వెళ్లిపోయాడు. ఉక్కుపాదం మొదటిరోజే విజయవంతమైందని రాసి నక్కగారు ఫైలు మూశారు. డబ్బా సొట్టపడి సగం పేరు చెరిగిపోవడంతో ఉడతలు అప్పట్నుంచీ ఒట్టి 'కానుక' వారయ్యారు. సంబంధాలు బాగానే వస్తున్నాయట.

గున్నయ్య మర్నాడు ఏటిగట్టుకి వెళ్లాడు. అడుగు వేయబోతుంటే అరికాలికి ఏదో మెత్తగా, వెచ్చగా తగిలింది. నాలుగు తీతువు పిల్లలు. కాలు పక్కకి పెట్టి, అక్కడే నిలబడి పెద్దగా నవ్వాడు.

కొత్త అధ్యక్షుడిగా అడవిపంది వచ్చాడు. మొదటి సభలోనే గొంతు సవరించుకుని, ఉక్కు సంకల్పంతో పనిచేస్తానన్నాడు. నక్కగారు కొత్త ఫైలు తెరిచారు. చప్పట్లు వినిపించకపోతే ఇద్దరూ తలెత్తి చూశారు. మైదానం ఖాళీ. జనమంతా ఇళ్లకి పరుగెత్తి గిన్నెలు బొరియల్లోకి తోసుకుంటున్నారు.

నీతి: పెద్దలు ఉక్కు అన్నారంటే, మనం స్టీలు దాచుకోవాలి.