క-చ-ట ఫ్రాటర్నిటీ సమగ్ర చరిత్ర

"అమెరికాలో తెలుగువాడి చరిత్ర రెండు భాగాలు. క-చ-టకి ముందు, క-చ-టకి తర్వాత!" అని భానుప్రకాష్ గారు పిస్కాటవేలో ఒక బాంక్వెట్ హాల్లో ప్రకటించారు. నేను వెంటనే రాసుకున్నాను. ఆ చరిత్ర రాసే భాగ్యం నాకే దక్కింది. గుంటూరులో హిస్టరీ లెక్చరర్‌గా రిటైరై, కూతురింట్లో ఆరు నెలలుండటానికి వచ్చినవాణ్ణి. ఖాళీగా ఉన్న చరిత్రకారుడు దొరకటం తన అదృష్టమని ఆయన మైకులోనే చెప్పారు.

ఇక్కడి కాలేజీ కుర్రాళ్లు ఫ్రాటర్నిటీలని సంఘాలు పెట్టుకుని, వాటికి గ్రీకు అక్షరాల పేర్లు పెట్టుకుంటారు. పరాయి అక్షరాలు మనకెందుకని భానుప్రకాష్ గారు 1998లో తను చదివే కాలేజీలో క-చ-ట స్థాపించారు. ఉగాది బ్యానర్ మీద ఎవరి ఫోటో పెద్దదిగా ఉండాలన్న సిద్ధాంత విభేదం వల్ల 2001లో చీలిక వచ్చింది. చీలినవారు త-ప ఫ్రాటర్నిటీ పెట్టుకున్నారు. మరుసటేడు అందరూ పెద్ద మనసుతో కలిసిపోయారు, ఎవరి పదవి వారు ఉంచుకుని. దాంతో ఇరవై ముగ్గురికి ఇరవై ఆరు పదవులు తేలాయి. ముగ్గురు మహనీయులు అదనపు భారం మోశారు. 2004లో జరిగిన ఆఖరి సభలో ఇరవై ముగ్గురూ వేదిక మీదే కూర్చున్నారు. కింద కుర్చీలన్నీ ఖాళీ. వందన సమర్పణ ఎవరికి చెయ్యాలో తోచక సంస్థను మూసేశారు.

ఇప్పుడా కాలేజీ, మూతపడ్డ ఫ్రాటర్నిటీలకు ఒక గోడ మీద ఇత్తడి ఫలకాలు పెడుతోంది. శుక్రవారం సాయంత్రం అయిదింటిలోపు చరిత్రతో పాటు, ఏనాడూ ఏ పదవీ చెయ్యని సభ్యుడొకరి సంతకం ఇవ్వాలి. నాయకులు తమ గురించి తామే రాసుకుంటారని ఆ కాలేజీ ఆఫీసువాళ్లకు ఎవరో చెప్పి ఉంటారు.

"వచ్చే నెల ఇక్కడి తెలుగు సంఘం ఎన్నికలు మాష్టారూ," అన్నారు భానుప్రకాష్ గారు. "ఆ రఘువీర్ తనే ఫౌండర్నని చెప్పుకు తిరుగుతున్నాడు. ఫలకం మీద నా పేరు పడకపోతే ఇరవై ఏళ్ల సేవ గంగలో కలిసినట్టే."

నాకు జాలేసింది. సభ్యుల లిస్టు ముందు పెట్టుకుని ఫోన్లు మొదలుపెట్టాను.

"రఘువీర్ గారూ, మీరు మామూలు సభ్యులేనాండీ?"

"ఎవరయ్యా నువ్వు? నేను కో-ఫౌండర్ ప్రెసిడెంట్‌ని! ఇంకోసారి ఆ మాటంటే లాయర్ చేత ఫోన్ చేయిస్తా!"

సన్నీవేల్‌లో ఉండే శ్రీహర్ష గారు మర్యాదస్తులు. "నేను ప్రెసిడెంట్ ఎలక్ట్ అండీ. ఇప్పటికీ ఎలక్టే. కుర్చీ ఎక్కేలోపే మూసేశారు."

ఆఖరిదైన ఇరవై మూడో పేరుకీ పదవి తేలేసరికి నేను కళ్లజోడు తీసేశాను. సరిగ్గా అప్పుడే భానుప్రకాష్ గారు ఎగిరి గంతేశారు.

"యాదయ్య! కుర్చీలు వేసేవాడు కదా, వాడు... అదే, ఆయన! లిస్టు రాసేటప్పుడు పులిహోర వేడి చేస్తున్నారు!"

శుక్రవారం యాదయ్య గారు లీవు పెట్టి, షాంటిలీ నుంచి నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చారు. పదవి ఏమైనా చేశారా అని అడిగాను.

"నాకేం పదవి సార్? చందా కట్టిన, కుర్చీలేసిన. గంతే."

నేను చరిత్రలో ఇంత స్వచ్ఛమైన ఆధారం చూడలేదు. టైము నాలుగున్నర. ముందు సంతకం కానిద్దామన్నాను.

"సత్కారం లేకుండా సంతకమా?" భానుప్రకాష్ గారు నొచ్చుకున్నారు. "మన సంప్రదాయం ఏమైపోవాలి మాష్టారూ?"

ఆఫీసు ముందు పచ్చిక మీద శాలువా కప్పారు, దండ వేశారు. ఇరవై మంది పదవీధరులు చప్పట్లు కొడుతుంటే భానుప్రకాష్ గారికి ఆవేశం ఆగలేదు.

"ఈ త్యాగమూర్తిని మన ఫ్రాటర్నిటీ శాశ్వత గౌరవాధ్యక్షులుగా ప్రకటిస్తున్నాను!"

వెనకబడిపోతానేమోనని రఘువీర్ గారు పరుగున వచ్చి బలపరిచారు. తీర్మానం ఏకగ్రీవం. క-చ-ట చరిత్రలో ఏకగ్రీవమైన మొట్టమొదటి తీర్మానం అదే. నేను టైముతో సహా రాసుకున్నాను.

యాదయ్య గారు శాలువా కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. "ఆరేండ్లు చేసిన సార్. ఒక్క మీటింగ్ల గూడ నా పేరు సదవలే." నాక్కూడా కళ్లు చెమర్చాయి.

అయిదుకు ఎనిమిది నిమిషాలుండగా లోపలికి వెళ్లాం. కౌంటర్ దగ్గరి అమ్మాయి ఫారం ఇచ్చింది. భానుప్రకాష్ గారు ఫోటో కోసం దువ్వెన తీశారు. యాదయ్య గారు శాలువా సర్దుకుని, ప్రతి గడీ చదివి మరీ నింపుతూ, ఒకచోట పెన్ను ఆపి నావైపు వంగారు.

"పదవి ఉంటే ఎప్పట్నుంచని అడిగిండ్రు సార్. ఇయ్యాల్టి తారీఖే ఎయ్యాల్నా?"