మూడు చుక్కల దగ్గర

ఇటు రా అమ్మడూ, ఆ పీట నా దగ్గరికి లాక్కో. ఇంకా దగ్గరికి. మీ తాతయ్య పక్క గదిలో మిషను తొక్కుతున్నారు గానీ ఆయన చెవులు రెండూ ఈ గదిలోనే ఉన్నాయి. వింటే విననీ. ఈ కథలో ఆయన వాటా ఎంతో ఆయనకీ తెలుసు.

నిన్న క్వయర్ ప్రాక్టీసు నుంచి వస్తూనే చెప్పులు కూడా విప్పకుండా అడిగావు చూడు, "అమ్మమ్మా, ఏటి పాట చివర మూడు చుక్కలెందుకు? అక్కడ అందరూ పాట ఆపి నీ వైపెందుకు చూస్తారు?" అని. నీకు పదమూడేళ్ళు. క్వయర్‌లో చేరి రెండు వారాలు. ఆ చుక్కల గురించి నన్నడగాలని మీ తాతయ్యకి నలభై ఏళ్ళలో ఒక్కసారీ తోచలేదు. కథంతా అక్కడే ఉంది.

పాట నాలుగు లైన్లే కదా.

ఏరెంత లోతో నేనెరుగను
తీరమెంత దూరమో నేనెరుగను
చెయ్యి పట్టి నడిపేది నువ్వైతే
నాకదే... చాలు.

"నాకదే" దాకా క్వయరంతా కలిసి పాడతాం. అక్కడ చుక్కలు. అందరం నోళ్ళు మూస్తాం. ఆ క్షణం చర్చిలో ఈగ రెక్క విదిల్చినా వినపడుతుంది. అప్పుడు మగవాళ్ళ వరసలోంచి ఒకే ఒక్క గొంతు, నూతిలో బిందె మునిగినట్టు, "చా...లు" అని అడుక్కి దిగుతుంది. అది మీ తాతయ్యది.

మనిషి చూస్తే ఇంతే. దర్జీ. నోట్లో ఎప్పుడూ నాలుగు గుండుసూదులు. ఆ గొంతు విని చర్చిలో వాళ్ళు "గుమ్మటం గారు" అని పేరు పెట్టారు. నలభై ఏళ్ళుగా ఆయన ఒంటరిగా పాడేది ఆ ఒక్క మాటే. వారమంతా జనం ఆయన ముందు చేతులు చాపి కొలతలిస్తే, ఆదివారం ఆయన జనం ముందు ఛాతీ చాపి ఆ మాట ఇస్తారు.

క్వయర్ సంగతి నీకింకా తెలియదులే. గురువారం సాయంత్రం ఇంటి చిరాకులన్నీ గుమ్మం బయట వదిలి వెళ్తాం. కిటికీ పక్క కుర్చీ కోసం పోట్లాడుకుంటాం. గొంతు మాత్రలు పంచుకుంటాం. పాట మొదలయ్యాక, ఇందాక పోట్లాడినామె గొంతు నా గొంతు కింద మెత్తగా దిండులా వచ్చి చేరుతుంది. ఇంక ఆమె మీద కోపం ఎలా నిలుస్తుంది చెప్పు? ఇంటికి వెళ్ళే దారిలో మళ్ళీ తెచ్చుకోవాల్సిందే.

ఆరేళ్ళ కిందట మా పాత పాటల మాస్టారు పని మానుకుంటే కొత్త టీచరమ్మ వచ్చింది. ఇప్పుడు నీకు నేర్పుతోందే, ఆవిడే. చేతిలో ఒక పెన్సిలు, చెవి మీద ఇంకో పెన్సిలు, నోట్లో ఎప్పుడూ "ఎందుకు?" అనే మాట. వారం తిరక్కుండానే మేం "ఎందుకమ్మ" అని పేరు పెట్టేశాం.

చర్చికి అరవై ఏళ్ళు నిండే ఆదివారం వస్తోంది. ఆ రోజు ప్రతి పాటకీ ముందు, ఆ పాట ఎలా పుట్టిందో ఎవరో ఒకరు చెప్పాలని ఎందుకమ్మ పట్టు. ఒక్కో పాటా తిరగేస్తూ ఏటి పాట దగ్గరికి వచ్చేసరికి పెన్సిలు గాల్లో ఆగింది.

"ఇక్కడ ఆగడం ఎందుకు?"

"ఎప్పుడూ ఇంతేనమ్మా," అంది సన్నాయి. అంటే ఆడవాళ్ళ వరసలో అందరికంటే పై గొంతు ఆవిడది.

"ఎప్పుడూ ఇంతే అన్నది కారణం కాదు కదా పిన్నిగారూ. 'నాకదే చాలు' మొత్తం ఒకటే ముక్క. మధ్యలో విరగ్గొడితే ఎలా? ఆపకుండా పాడండి."

పాడాం. మీ తాతయ్య ఊపిరి తీసుకునేది ఆ చుక్కల దగ్గరే. ఇప్పుడు ఆ చోటు లేదు. "చా" అని దిగారు. "లు" దాకా వచ్చేసరికి గాలి అయిపోయి, సైకిలు ట్యూబుకి మేకు దిగినట్టు "స్స్స్" అన్నారు.

ఎందుకమ్మ మర్యాదస్తురాలు, నవ్వలేదు. "అంకుల్, ఆ మాట పళ్ళ డాక్టరు గారికి ఇద్దామా? ఆయన ఏకబిగిన పాడగలరు," అంది. పళ్ళ డాక్టరు అప్పటికే ఛాతీ నింపుకుంటున్నాడు. "లేదంటే ఆ చుక్కలకి ఒక కారణం చూపించండి. ఉంచేస్తాను. వచ్చే గురువారం దాకా చూస్తాను."

ఇంటికి వచ్చి మిషను ముందు కూచుని, ఒక చొక్కాకి మూడు చేతులు కుట్టారు మీ తాతయ్య.

"ఏమండీ, ఇదెవరిది?"

"పోస్టుమాన్‌ది."

"ఆయనకి రెండు చేతులే అనుకున్నానే ఇన్నాళ్ళూ."

"నా బతుకు బుగ్గైపోతుంటే నీకు వేళాకోళంగా ఉందా?"

"బతుకంతా ఎక్కడండీ, రెండక్షరాలు."

"ఆ రెండక్షరాలే నా బతుకు!" అన్నారు. అంటూ ముఖం అటు తిప్పుకున్నారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, అద్దాలు శుభ్రంగానే ఉన్నా.

నాకు జాలేసింది. చెప్పేద్దామనే నోరు తెరిచాను. "ఆ చుక్కల సంగతి నన్నడక్కూడదూ?"

"నీకేం తెలుస్తుందే? ఆడవాళ్ళ వరస, అందులో వెనక వరస, అందులోనూ స్తంభం చాటు. ఇది పాటల చరిత్ర. చదువుకున్నవాళ్ళ వ్యవహారం."

తెరిచిన నోరు మూసేశాను. బడి ముఖం చూడనిదాన్ని, నిజమే. కానీ ఆ చుక్కలు ఎక్కడ పుట్టాయో ఈ భూమ్మీద తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. సరే కానీ అనుకుని, కూర తరుగుతూ ఆ పాటే కూనిరాగం తీశాను, ఆగాల్సిన చోట ఆగి మరీ.

గురువారం వచ్చింది. మీ తాతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, క్వయర్ ముందు నిలబడి గొంతు సవరించుకున్నారు.

"ఇది నిన్నా మొన్నటి మాట కాదు. నూరేళ్ళ కిందట ఒక పడవవాడు ఉండేవాడు. వరదలో వాడి పడవ తిరగబడింది. దేవుడు చెయ్యి పట్టి ఒడ్డుకి లాగాడు. ఆ తడి బట్టలతోనే గుడిలోకి వచ్చి ఈ పాట కట్టి పాడాడు. 'నాకదే' అనేసరికి ఏడుపు ముంచుకొచ్చి గొంతు పూడుకుపోయింది. గుడి గుడంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. వాడి కన్నీటి బొట్టు చెంప మీంచి జారి కింద పడిందాకా ఆగి, అప్పుడన్నాడమ్మా ఆ మాట. 'చాలు'!"

నూరేళ్ళట! మా పెళ్ళికి వచ్చిన దుప్పటి ఆ పాటకంటే ఏడాది పెద్దది.

కానీ ఏం చెప్పారనుకున్నావు! సన్నాయి వెక్కి వెక్కి ఏడ్చింది. పళ్ళ డాక్టరు ముక్కు చీదాడు. ఎందుకమ్మ జీవితంలో మొదటిసారి ఎందుకు అని అడగలేదు.

"చుక్కలు ఉంటాయి అంకుల్. మాట మీదే," అంది.

అక్కడితో ఆగితే అది మీ తాతయ్య జాతకం ఎందుకవుతుంది?

శుక్రవారం పొద్దున్నే తాళం తాత వచ్చాడు. తాళం అంటే పాటలో తాళం కాదు, అది ఆయనకి ఏనాడూ అందలేదు. చర్చి తాళాలు ఆయన దగ్గరుంటాయి. "ఆ పడవవాడు మా అమ్మకి పెదనాన్న అవుతాడయ్యా," అని ఒక మీసాల ఫోటో పటం కట్టించి తెచ్చాడు. కాదనే దారి లేదు మీ తాతయ్యకి. కాదంటే, మరి ఎవరు అని అడుగుతారు కదా.

శనివారం రొట్టెల కొట్టావిడ పొడుగాటి చెక్క తెడ్డు ఒకటి మోసుకొచ్చింది. పడవవాడి తెడ్డు వాళ్ళ అటక మీదే దొరికిందట. ఆ మీసాల ఫోటోతో పాటు దాన్నీ చర్చిలో పాస్టరు గారి బల్ల పక్కన నిలబెట్టి పూలదండ వేశారు. దగ్గరికి వెళ్ళి చూశాను. తెడ్డు చివర పిండి అంటుకుని ఉంది.

సాయంత్రం పాస్టరు గారు కబురు పంపారు. అంత గొప్ప కన్నీటికి ఒక్క గుటకసేపు మౌనం సరిపోదట. రేపు "నాకదే" తర్వాత అందరూ కళ్ళు మూసుకుని ఒక నిమిషం మౌనంగా ఉంటారట. నిమిషం అయ్యాక ఎందుకమ్మ చెయ్యి ఊపుతుందట.

మీ తాతయ్య ముఖం గోడ సున్నంలా అయింది.

"నిమిషమటే!"

"మంచిదేగా. తీరిగ్గా ఊపిరి పీల్చుకోవచ్చు."

"పీల్చింది పట్టుకోవాలి కదే! అది ఎప్పుడు అయిపోతుందో నాకెలా తెలుస్తుంది? ముందు పీలిస్తే పగిలిపోతాను. వెనక పీలిస్తే అందుకోలేను."

"పడవవాడినే అడగండి, ఎలా పట్టుకున్నాడో."

"ఒసేయ్, ఏదో ఒకటి చెప్పవే!"

"వెనక వరసదాన్ని, స్తంభం చాటుదాన్ని. నాకేం తెలుస్తుంది?" అన్నాను.

అన్నాను గానీ, మనసు ఒప్పుకోలేదమ్మడూ. ఆదివారం బయల్దేరే ముందు నా పెట్టె అడుగు నుంచి ఒకటి తీసి సంచిలో వేసుకున్నాను.

చర్చి కిక్కిరిసింది. మీ తాతయ్య పడవవాడి కథ మళ్ళీ చెప్పారు. ఈసారి పడవలో ఒక మేక కూడా ఎక్కింది. జనం కళ్ళు తుడుచుకున్నారు. పాట మొదలైంది. "నాకదే" అన్నాం. ఆగాం. అందరూ కళ్ళు మూసుకున్నారు.

నేను మూసుకోలేదు. స్తంభం పక్కనుంచి తొంగి చూశాను. మీ తాతయ్య పాత అలవాటున వెంటనే గుండెల నిండా ఊపిరి పీల్చేశారు. ఇంక వదలడానికి లేదు. చూపంతా ఎందుకమ్మ చెయ్యి మీదే. ఎందుకమ్మ ఏమో కథలో మునిగిపోయి, తనూ కళ్ళు గట్టిగా మూసుకుని, చేతులు రెండూ గుండెకి హత్తుకుంది. ఊపే చెయ్యే లేదక్కడ.

నిమిషం అయింది. రెండోదీ సగం నడిచింది. మీ తాతయ్య ముఖం టమాటా రంగుకి వచ్చింది. అది దాటి వంకాయ రంగుకి తిరిగింది. చొక్కా రెండో గుండీ టప్పున తెగి తెడ్డుకి తగిలింది. ఆయన కుట్టిన గుండీ, ఎప్పుడూ తెగదు! ఆయన నా వైపు చూశారు. నలభై ఐదేళ్ళ కాపురంలో అంత వినయంగా ఎన్నడూ చూడలేదు.

సంచిలోంచి ఆ పాత నోటుబుక్కు తీశాను. ఒళ్ళో పెట్టుకుని తెరిచాను. బొటనవేలు నాలికకి అద్ది, పేజీ తిప్పాను. పాత కాగితం, దళసరిది. ఆ నిశ్శబ్దంలో "ఫర్ర్‌ర్" మని చర్చి అంతా వినపడింది.

"చా...లు!"

గూడ్సు బండి కూతేసినట్టు వచ్చింది. కిటికీ అద్దాలు అదిరాయి. పళ్ళ డాక్టరు పక్కకి గెంతాడు. మీసాల ఫోటో బోర్లా పడింది. ఎప్పుడూ అంత లోతుకి దిగలేదు ఆ గొంతు, అంతసేపూ నిలవలేదు. ఎందుకమ్మ కళ్ళు తెరిచి, మీ తాతయ్యని కాదు, నా ఒళ్ళోని నోటుబుక్కుని చూసింది.

ఆరాధన అయ్యాక అక్కడే, అందరి ముందూ పట్టుకుంది నన్ను. "అమ్మగారూ, సరిగ్గా అక్కడే పేజీ తిప్పారెందుకు?"

ఈ ప్రశ్నకి జవాబు చెప్పడానికి ఎన్నేళ్ళు కాచుకున్నానో!

చెప్పాను. ఆ పాట పుట్టేనాటికి నాకు పెళ్ళై ఏడాది. అప్పటి పాస్టరు గారి భార్య నన్ను చేరదీసి అక్షరాలు నేర్పింది. ఆవిడకి చూపు మందగిస్తూ ఉండేది. సాయంత్రాలు నేనే చెయ్యి పట్టుకుని ఇంటికి దిగబెట్టేదాన్ని. ఒకనాడు పెద్ద వాన. వీధి ఏరైంది. మోకాలి లోతు నీళ్ళలో నా చెయ్యి బిగించి పట్టుకుని నడుస్తూ, ఆవిడ ఒక్కో లైనూ కట్టుకుంటూ పాడింది. "చెయ్యి పట్టి నడిపేది" అనగానే నేను పొంగిపోతే, "దేవుడి గురించే తల్లీ, నువ్వు మురవకు," అని నవ్వింది. నవ్వి, నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

మర్నాడు ఆ పాట క్వయర్ పుస్తకంలో నన్నే రాయమంది. అప్పుడే అక్షరాలు నేర్చినదాన్ని, ఒక్కో అక్షరం గుమ్మడికాయంత రాశాను. "నాకదే" దగ్గర పేజీ నిండిపోయింది. "చాలు" వెనక పేజీకి పోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ మాత్రం పుస్తకం ముఖానికి ఆనించుకుని, "ఇన్నాళ్ళకి నేను చదవగలిగిన దస్తూరీ దొరికింది," అంది.

ఆ ఒక్క పుస్తకం చుట్టూ ఆరుగురం నిలబడి పాడేవాళ్ళం. "నాకదే" అన్నాక ఆవిడ వేలు తడిచేసి, పేజీ తడుముకుని, తిప్పేదాకా అందరం ఆగేవాళ్ళం. తర్వాత ఎత్తి రాసుకున్నవాళ్ళు ఆ ఆగడాన్ని మూడు చుక్కలు చేశారు. అచ్చేసినవాళ్ళు చుక్కలు అచ్చేశారు. అచ్చు పుస్తకాలు వచ్చాక ఈ నోటుబుక్కు నా పెట్టెలోకి చేరింది, మీ తాతయ్య క్వయర్‌లో చేరింది కూడా ఆ తర్వాతే. ఆ ఆరుగురిలో ఇప్పుడు నేనే మిగిలాను.

ఎందుకమ్మ ఆ పేజీ మీద వేలు పెట్టి, నా గుమ్మడికాయల్ని ఒక్కొక్కటే తడిమింది.

తాళం తాత చప్పుడు చెయ్యకుండా వాళ్ళమ్మ పెదనాన్నని చంకలో పెట్టుకున్నాడు. రొట్టెల కొట్టావిడ తెడ్డుకి దండ తీసేసి, "రేపు పొయ్యి వెలిగించాలి," అని భుజాన వేసుకుంది. మీ తాతయ్య స్తంభం చాటుకి వెళ్ళారు. నా స్తంభమే.

"మరి నాకెప్పుడూ చెప్పలేదేమే?" అన్నారు, తెగిన గుండీ దగ్గర చొక్కా పట్టుకుని.

"అడిగితే కదండీ!"

ఎందుకమ్మ తీర్పు చెప్పింది. చుక్కలు ఉంటాయి, పేజీ తిప్పినంతసేపే. మాట అంకుల్‌దే. తిప్పడానికి అమ్మగారు ముందు వరసలోకి రావాలి.

అదమ్మడూ సంగతి. ఆరేళ్ళుగా మీ తాతయ్య చర్చిలో నోరు తెరవాలంటే నా వేలు కదలాలి. అందుకే అందరూ నా వైపు చూసేది. ఆయన మరీ వినయంగా చూస్తారు. ముందు రోజు నాతో పోట్లాడి ఉంటే ఇంకా వినయంగా చూస్తారు. ఎందుకంటే ఆ ఆదివారం నా వేలు కొంచెం నెమ్మదిగా తడుస్తుంది.

విన్నావా, పక్క గదిలో మిషను ఆగింది!

ఇది గుర్తు పెట్టుకో. నా తర్వాత ఆ పుస్తకం నీ ఒళ్ళోకి వస్తుంది. పక్కన నిలబడ్డ కొత్త పిల్ల ఎవరైనా, ఇక్కడ ఆగడం ఎందుకక్కా అని అడిగితే, పాస్టరమ్మ గారి వాన సంగతీ నా గుమ్మడికాయల సంగతీ చెప్పు. మీ తాతయ్య పడవ సంగతి కూడా చెప్పు, నవ్వుకుంటారు. మేకని మాత్రం ఎక్కించకు.