రోడ్డు మీద వాలని లారీ

"ఇకనుంచి మన రోడ్లు ముందుగా కంప్యూటర్‌లో పాడవుతాయి. కాబట్టి బయట పాడయ్యే అవసరం ఉండదు" అని రోడ్ల మంత్రిగారు ప్రకటించగానే హాలు చప్పట్లతో మారుమోగింది. ఇంత చల్లని మాట ఏ మంత్రీ చెప్పలేదని లెక్కల ఇంజనీరు మనస్ఫూర్తిగా నమ్మాడు. ఆ పాడుచేసే పని తనదే మరి.

నలభై టన్నుల బండరాళ్ల లారీని తెర మీద కొత్త రోడ్డెక్కించాడు. గతుకు గతుక్కీ లారీ ఎగిరిపడుతుంటే ఏ చక్రం రోడ్డును ఎంత మోదుతోందో కంప్యూటర్ లెక్కగట్టింది. మొదటి ట్రిప్పుకే కల్వర్టు కుంగింది.

"తప్పు రోడ్డుదా, లారీదా?" అడిగారు మంత్రిగారు.

"బరువుదండి."

"అయితే తగ్గించు. కంప్యూటర్‌లో లారీయే కదా, నీ మాట వినదా?"

ఇరవై టన్నులకు రోడ్డు రెండేళ్లు ఆగింది. పదికి పదిహేనేళ్లు. మంత్రిగారి ప్రసంగంలో అప్పటికే వందేళ్లని అచ్చయిపోయింది. విసిగిపోయి ఇంజనీరు బరువు సున్నా వేశాడు. లారీ గాల్లోకి లేచి, రోడ్డుకు జానెడు ఎత్తున హాయిగా సాగిపోయింది. రోడ్డు ఆయువు అనంతమని తేలింది.

మంత్రిగారు పసిపిల్లాడిలా మురిసిపోయారు. "అనంతమంటే ప్రతిపక్షం నమ్మదయ్యా. వందేళ్లకు సర్దుకుందాం."

ఇంజనీరు ఆ లెక్క కింద సంతకం పెట్టేశాడు. సాయంత్రం అక్క ఫోన్ చేసింది. ప్రారంభోత్సవంలో కొత్త రోడ్డు మీద మొదటి బండరాళ్ల లారీ నడిపే గౌరవం బావకు దక్కిందట. ఆమె సంబరానికి అంతులేదు. ఇతనికి పైప్రాణాలు పైనే పోయాయి.

ప్రారంభోత్సవం నాడు పొద్దున్నే మంత్రిగారి కాళ్లావేళ్లా పడ్డాడు. "సార్, మొదటి లెక్కే నిజమండి. కల్వర్టు కుంగుతుంది. లారీలో మా బావ ఉన్నాడు."

"నాకు తెలియదనుకున్నావా? అవి థర్మోకోల్ రాళ్లయ్యా. రంగు దగ్గరుండి వేయించాను."

రిబ్బన్ తెగింది. బావ ఒంటిచేత్తో స్టీరింగ్ తిప్పుతూ, రెండో చేత్తో జనానికి టాటా చెబుతూ కల్వర్టు మీదికొచ్చాడు. ఇంజనీరు కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి లారీ అవతల ఉంది. ఆనందం పట్టలేక పక్కనున్న పోలీసును వాటేసుకున్నాడు. గాలికి రెండు బండరాళ్లు పైకి లేచి మెల్లగా జనం మీద వాలాయి. ఒకావిడ ఒకదాన్ని చంకలో పెట్టుకుని ఇంటిదారి పట్టింది. చప్పట్లు ఆగలేదు.

బావ లారీ దిగి మంత్రిగారి దగ్గరికొచ్చాడు. "రోడ్డు భలే ఉందండి. ఇక మీ కారు రానివ్వండి."

మంత్రిగారు కారెక్కి, పాత రోడ్డు మీదుగా పొమ్మని డ్రైవరుకు చెప్పారు. ఇంజనీరు చనువుగా కిటికీలోకి వంగాడు.

"కారు రెండు టన్నులేనండి. దీనికి కల్వర్టు కుంగదని లెక్కలో తేలింది."

"తేల్చింది నువ్వే కదయ్యా" అన్నారు మంత్రిగారు, అద్దం పైకెత్తుతూ.