ల్యాంపు వాపసు ఇయ్యని పోశం సారు

"గోదావరిఖనిలో బొగ్గు ఎంత లోతున ఉన్నదో కంపెనీకి తెలుసు. నేరం ఎంత లోతున ఉన్నదో ఈ భూమండలం మీద ఒకే ఒక్క మెదడుకు తెలుసు!" అని భూపాల్ ప్రకటించాడు.

ఆ మెదడు ఆ సమయానికి రాయమల్లు హార్డ్‌వేర్ దుకాణంలో సిమెంటు బస్తాల మీద కూర్చుని, రాయమల్లు తెప్పించిన చాయ్ తాగుతోంది. ఇలాంటి ప్రకటనలకు మాత్రం భూపాల్ పుస్తకాల తెలుగు వాడతాడు. మిగతా వేళల్లో అందరిలాగే మాట్లాడతాడు.

రాయమల్లు లెక్క మనిషి. మనుషుల్ని కూడా సరుకులాగే చూస్తాడు. కొందరు చేతికి రాగానే చెల్లిపోయే రకం, కొందరు నెమ్మదిగా కదిలే రకం. భూపాల్‌ను ఎప్పుడో కదలని సరుకు కింద రాసేసుకున్నాడు. అయినా పారేయలేదు. అలాంటిది ఒకటి దుకాణంలో ఉంటే పక్కనున్నవన్నీ మంచివిగా కనిపిస్తాయి.

భూపాల్ గనిలో ల్యాంప్ రూమ్‌లో పనిచేసి రిటైరయ్యాడు. లోపలికి దిగే ప్రతి మనిషీ తన నంబరు గూట్లోంచి ల్యాంపు తీసుకుపోతాడు, షిఫ్టు దిగాక తెచ్చి అదే గూట్లో పెడతాడు. షిఫ్టు అయిపోయినా గూడు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. వెంటనే వెతకడం మొదలవుతుంది. ఉద్యోగమంతా ఖాళీ గూళ్ల వంక చూసిన కళ్లకు రిటైరయ్యాక లోకం నిండా ఖాళీ గూళ్లే కనిపించసాగాయి. పక్కింటి కుక్క రెండు రోజులు మొరక్కపోతే కిడ్నాప్. పాలవాడు ఆలస్యమైతే అంతర్రాష్ట్ర ముఠా.

అప్పుడే శోభ వచ్చింది. రాయమల్లు చెల్లెలి బిడ్డ, యూనివర్సిటీలో రీసెర్చ్ చేస్తోంది. ముఖం తడిసిన సిమెంటు బస్తాలా ఉంది.

"మామా, నా ఏడాది పోయేటట్టున్నది."

"ఏమైంది బిడ్డా?"

"ఓపెన్‌కాస్టు గనులల్ల రోజూ బ్లాస్టింగ్ చేస్తరు గదా, దానికి చుట్టుపక్కల ఇండ్ల గోడలు పగులుతయా లేదా, గదే నా టాపిక్. ముందుగాల లిటరేచర్ రివ్యూ రాయాలె. అంటే ఇదివరకు ఎవలెవలు ఏం తేల్చిన్రో చూసి, ఏది నమ్మొచ్చో, ఇంక ఏం మిగిలిందో చెప్పాలె. ఇరవైకి పైన పేపర్లు చదివిన. అర కిలోమీటరు దాటితే గోడలకు ఏం కాదని అందరు ఒక్కటే మాట రాసిన్రు. అందరు పోశం అనేటాయన పేరే చెప్పిన్రు. ఆయన పేపరు 1991ది."

"ఇరవై మంది చెప్పిన్రంటే మంచిదే గదా?"

"నేనూ గట్లనే అనుకున్న. మా గైడు రాజకుమారి మేడం, పోశం రాసింది నువ్వు చదివినవా అని అడిగింది. లేదన్న. సోమవారం నాటికి అసలు పేపరు చూపియ్యి, లేకుంటే ఈ టాపిక్ ఇడిసిపెట్టు అన్నది."

"నెట్ల లేదా?"

"లేదు మామా. అప్పట్ల ఏదో సదస్సుల చదివింది, కంప్యూటర్ల ఎక్కలే. లైబ్రరీ కాపీని చెదలు తిన్నయట. ఆయన పేరు రాసినోళ్లకు మెయిల్ పెట్టిన. మేం ఫలానా పేపర్ల చూసి రాసినం అన్నరు. ఆ ఫలానా వాళ్లను అడిగితే ఇంకో ఫలానా."

భూపాల్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఆ పోశం, తర్వాత ఏమన్న రాసిండా?"

"ఒక్కటి గూడ లేదు కాకా."

"ఇరవై మంది పేరు చెప్తున్నరు. ఒక్కడన్న మనిషిని చూసిండా?"

"లేదు."

భూపాల్ మెల్లగా లేచాడు. "ల్యాంపు తీస్కపోయిండు, వాపసు ఇయ్యలే. గూడు ఖాళీగున్నది." గొంతు మారింది. "శోభా! నువ్వు రాస్తున్నది సమీక్ష కాదు. అది ఒక హత్యకు మరణ వాంగ్మూలం!"

"అండ్ల హత్యలు ఉండయిరా," అన్నాడు రాయమల్లు.

"ఇరవై మంది అక్షరం తేడా లేకుంట ఒక్కటే చెప్తున్నరంటే ఎవడో నేర్పిన మాట!"

రాయమల్లుకు విచిత్రమనిపించింది. కదలని సరుకులో ఒక గింజ పనికొచ్చేది దొరికింది.

"వీడు చెప్పిందాంట్ల హత్య తీసేస్తే మిగిలింది కరెక్టే బిడ్డా. బజార్ల పది దుకాణాల్ల ఒక్కటే సిమెంటు ఉన్నదంటే పది ఫ్యాక్టరీలు ఉన్నట్టు గాదు. గోదాము ఒక్కటే. ఆడ బస్తా గడ్డకడితే పది దుకాణాల్ల గడ్డే అమ్ముతరు. మనం గోదాముకే పోవాలె. ఆ పోశం ఏ ఊరాయన?"

"పేరు పక్కన బెల్లంపల్లి అని ఉన్నది."

"రేపు పోదాం."

"పరిశోధన నాకు కొత్త గాదు," అన్నాడు భూపాల్. "నేర మనస్తత్వంపై గని దీపాల ప్రభావం అని రాస్తే ఇంటర్నేషనల్ జర్నల్ల పడ్డది. పంపిన తెల్లారే!"

"తెల్లారేనా? చదివి చూసినోళ్లు ఏమడిగిన్రు కాకా?"

"ఏమడుగుతరు, పైసలు ఏ నంబరు నుంచి పంపుతున్నవని అడిగిన్రు."

శోభ నవ్వు ఆపుకుని బ్యాగు సర్దుకుంది.

మర్నాడు భూపాల్ మొదటి రైలుకే వెళ్లాడు, మారువేషంలో. గుర్తుపట్టకూడదని ఉన్న మీసం గీసేసుకుని, ఆ చోటే అద్దె మీసం అంటించుకున్నాడు. పైన నల్లకళ్లద్దాలు. రాయమల్లు, శోభ తర్వాతి రైల్లో బెల్లంపల్లిలో దిగేసరికి ప్లాట్‌ఫారం మీద ఎదురొచ్చాడు. మీసం ఒక పక్కకు జారి ఉంది.

"కేసు క్లోజ్! పోశం హతుడు. దారుణంగా కొట్టి చంపారు. ఐదుగురు సాక్షులు!"

శోభ అక్కడే బెంచీ మీద కూలబడింది. "అయిపాయె మామా. మనిషే లేకపాయె. ఎల్లుండి మేడంకు ఏం చూపియ్యాలె?"

ఎవరో మంచి సిమెంటు అన్నారని రాయమల్లు ఏనాడూ లోడు దింపుకోలేదు. బస్తా మీద తయారైన తేదీ చూస్తాడు, మూతి విప్పి చెయ్యి లోపలికి పెడతాడు, ఆ తర్వాతే మాట.

"ఎవలురా ఆ ఐదుగురు? చూపియ్యి."

మొదటి సాక్షి స్టేషన్ బయట కూరగాయలమ్మే సారవ్వ. "అయ్యో, సచ్చిపోయిండట బిడ్డా. మంచి సారు. కట్టెలతోని కొట్టిన్రట."

"నువ్వు చూసినవా అవ్వా?"

"నేనేడ చూస్త? సైకిల్ షాపాయన చెప్పిండు."

సైకిల్ షాపాయన పంక్చరు వేస్తూనే, "నేను చూడలే అన్నా, వజీర్ భాయ్ హోటల్ల అంటున్నరు," అన్నాడు. కటింగ్ షాపాయన వజీర్ భాయ్ హోటల్ అన్నాడు. పాన్ డబ్బా ఆయనా అదే మాట. ఐదో సాక్షి సాక్షాత్తూ వజీర్ భాయే.

"హౌ భాయ్, బహుత్ మంచి మనిషి," అన్నాడు వజీర్ చాయ్ వడపోస్తూ. "రోజూ నా తాననే చాయ్ తాగేటోడు."

"నీకెవలు చెప్పిన్రు వజీర్ భాయ్?"

"పొద్దుగాల ఒక పరేషాన్ మనిషి వచ్చిండు. నల్ల అద్దాలు. తాగుతుంటే మీసం చాయ్ల పడ్డది, తీసి తుడిచి మళ్ల పెట్టుకున్నడు. పోశంను ఎట్ల సంపిన్రు అని అడిగిండు. ఎట్ల సంపిన్రని అడుగుతున్నడంటే సంపినట్టే గదా?"

అందరూ భూపాల్ వైపు తిరిగారు. మీసం ఆ క్షణాన్నే ఊడి బల్ల మీద పడింది.

"ఐదుగురు సాక్షులకు మూలం నువ్వేనా కాకా?" అంది శోభ.

భూపాల్ తడుముకోలేదు. "అంటే నా మాటకు ఐదు ఆధారాలు దొరికినట్టే గదా!"

రాయమల్లు మీసం తీసి అతని జేబులో పెట్టాడు. వాపసు ఇవ్వాల్సిన సరుకు.

సరిగ్గా అప్పుడు హోటల్ ముందు కేక వినిపించింది.

"ఎవడ్రా నన్ను సంపింది?"

చేతికర్ర, ఇస్త్రీ చొక్కా, మెడలో రెండు పూలదండలు వేసుకున్న ముసలాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"పొద్దుగాల నుంచి ఇంటికి దండలు వస్తున్నయి! తెచ్చినోడినల్ల అడిగిన, నీకెవలు చెప్పిన్రని. ఒకడు సారవ్వ అన్నడు. సారవ్వ సైకిల్ షాపు అన్నది. వాడు నీ పేరు చెప్పిండు వజీర్. నీకెవడు చెప్పిండు?"

వజీర్ గరిటెతో భూపాల్‌ను చూపించాడు.

భూపాల్ రెండడుగులు వెనక్కి వేసినా ధైర్యం వదల్లేదు. "మీరు తొందరపడొద్దు సార్. మీరు సచ్చిపోయిన్రని ఐదుగురు చెప్తున్నరు. లేదని మీరొక్కరే అంటున్నరు!"

కర్ర గాల్లోకి లేచింది. శోభ మధ్యలో దూరింది. "పోశం సార్! 1991ల గోడల మీద పేపరు రాసింది మీరేనా?"

కర్ర అక్కడే ఆగింది. "నా పేపరా? నీకెట్ల తెలుసు?"

"ఇరవైకి పైన పేపర్లల్ల మీ పేరున్నది సార్."

పోశం సారు ఒకప్పుడు పాలిటెక్నిక్ లెక్చరర్. కర్ర దించి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తీసేయబోయిన దండల్ని మళ్లీ సర్దుకున్నాడు. "ఇరవైయా! ఒక్కడు గూడ చదవలేదని కోపమొచ్చి నేను రాసుడే బంద్ పెట్టిన. నేను ఏం చెప్పిన్నని రాసిన్రు?"

"అర కిలోమీటరు దాటితే ఏ గోడకూ భయం లేదని మీరు తేల్చిన్రట."

కర్ర ఈసారి నేలను కొట్టింది. "నేనెప్పుడు తేల్చిన? నేను కొలిచింది ఒక్క గూడెం. నాలుగు మట్టి గోడలు. ఇటుక గోడ ఒక్కటన్న లేదు. అప్పుడు పెట్టే పేలుడు మందు గూడ చిన్నది, ఇప్పుడు పెట్టేది చూస్తున్నరు గదా. ఈ నాలుగు గోడలు పగల్లేదు, కడమ వాటి సంగతి కొలిస్తెనే తెలుస్తది అని రాసిన. ముందటి సగం ఎత్తుకపోయి ఎనుకటి సగం నా తాననే ఇడిసిపెట్టిన్రా?"

రాయమల్లు లెక్క వేసుకున్నాడు. ఇరవై దుకాణాలు, ఒక్క గోదాము, అందులో ఉన్నది సగం బస్తా.

శోభ కళ్లు మాత్రం వెలిగాయి. "మామా! అంటే ఇటుక గోడలను ఇప్పటిదాంక ఎవలూ కొలవలే. నా పని పోలే, ఇప్పుడే దొరికింది!"

"కాపీ ఇంట్ల ఉన్నది, ఇస్త," అన్నాడు పోశం సారు. "ఇచ్చుడేంది, నేనే వస్త. మళ్ల సగమే చదువుతరు."

సోమవారం రాజకుమారి మేడం గదిలో పోశం సారు కాపీ బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మేడం మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివింది. ఆమె చదువుతుంటే ఆయన శోభ రాసిన పేపర్ల పట్టిక చూస్తూ ఒక పేరు దగ్గర ఆగాడు.

"అమ్మా, ఈ పట్టికల రాజకుమారి అంటే మీరేనా? మీరు గూడ నా పేరు రాసిన్రు. ఏడ చదివిన్రు?"

గుమ్మం దగ్గర రాయమల్లు చెప్పుల వంక చూసుకున్నాడు.

మేడం కళ్లద్దాలు తీసింది. "చదవలే సార్. అప్పట్ల నేను గూడ వేరేవాళ్ల పేపర్ల చూసే రాసిన. అందుకే ఈ అమ్మాయిని పట్టుబట్టి పంపిన." తర్వాత శోభ వైపు తిరిగింది. "టాపిక్ అదే ఉంచు. ఇటుక గోడలతోని మొదలుపెట్టు. నా పేపరుల తప్పు ఏముందో గూడ రాయి."

పోశం సారు చాయ్ వచ్చేదాకా తల పంకిస్తూనే ఉన్నాడు.

సమీక్ష పూర్తయ్యాక భూపాల్ ఊరుకోలేదు. హతుణ్ణి బతికించి తెచ్చిన వాడి పేరు లోపల ఉండాల్సిందే అన్నాడు. శోభ జర్నల్లో పడ్డ అతని వ్యాసం పేరుతో సహా చివరి పేజీలో ఎక్కించింది. ఆ పేజీ జిరాక్సు అట్టకు అంటించి భూపాల్ దుకాణంలో వేలాడదీశాడు. మేకులకు వచ్చినవాళ్లకూ పైపులకు వచ్చినవాళ్లకూ చూపిస్తున్నాడు.

"యూనివర్సిటీ పుస్తకంల నా పేరు! చదువు రాయమల్లన్నా, గట్టిగ చదువు!"

రాయమల్లు కళ్లద్దాలు పెట్టుకుని దగ్గరికి వెళ్లాడు. పేరు నిజంగానే ఉంది. తప్పు లేకుండా, స్పష్టంగా. దాని పైన శీర్షిక కూడా అంతే స్పష్టంగా ఉంది: పరిశీలించి పక్కన పెట్టిన మూలాలు.

ఇన్నేళ్లలో ఈ సరుకుకు ఇదే మొదటి రశీదు. రాయమల్లు శీర్షిక మీదికి వచ్చేలా ఒక పెయింటు కంపెనీ క్యాలెండరు తగిలించి, "ఉన్నదిరా, మంచిగున్నది," అని రెండు చాయ్‌లు చెప్పాడు.