సాంబ్రాణి గాలి

సాంబ్రాణి పొగ దేవుడికి వేస్తామా, మన ముక్కుకు వేసుకుంటామా అన్న సందేహం నాకు చాలా ఏళ్లుగా ఉంది. నేను రోజూ పూజ చేసేవాడినే, శనివారాలు ఒంటిపూట ఉండేవాడినే. అయినా ధూపం చేతపట్టుకుని గదులన్నీ తిరుగుతున్నప్పుడు ఈ ప్రశ్న వచ్చి ఎదురుగా నిలబడుతుంది. పటానికి పొగ చూపిస్తాం, సరే. గల్లాపెట్టెకు చూపిస్తాం, అదీ సరే. తూకం రాళ్లకూ మోటారు సైకిలుకూ ఎందుకు చూపిస్తున్నాం? వాటిలో దేవుడున్నాడనా, చూపించకపోతే చెడిపోతాయన్న భయమా? ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే ముందు చూపించు, తరువాత అడుగు అన్నారు. కర్ణాటక అంచున ఉన్న పావగడలో నరసింహయ్య శెట్టికి జరిగిన సంగతి విన్నాక కూడా నా సందేహం తీరలేదు. ఏ వస్తువుకు చూపించకూడదో మాత్రం ఒకటి తెలిసింది.

నరసింహయ్యకు బజారులో తాళ్లు, బకెట్లు, మోటారు పైపులు అమ్మే అంగడి ఉంది. అందులో సగం ఆయన కూతురు నయనది. వీపుకు గాలి సిలిండరు కట్టుకుని నీళ్ల అడుగుకు దిగే విద్య నేర్పుతుంది ఆమె. తాగే నీళ్లకే ట్యాంకరు కోసం చూసే తాలూకాలో ఈ వ్యాపారమేమిటని మొదట అందరూ నవ్వారు. అయితే ఊరి బయట ఎండతో కరెంటు తీసే సోలార్ పార్కులో ఉద్యోగం చేసే కుర్ర ఇంజనీర్లకు జీతముంది, ఆదివారాలు పోవడానికి చోటు లేదు. పక్కనున్న బలసముద్రం ఊళ్లో నరసప్ప అనే రైతు పొలంలో పెద్ద రాతి బావి ఉంది. మంచి వానలు పడినప్పటి నుంచి అందులో నీళ్లు నిలిచాయి. మొదటి పాఠాలు ఆ బావిలో, నిలదొక్కుకున్నవాళ్లకు పడమటి తీరాన సముద్రంలో. తాను ఆ తీరంలోనే పని నేర్చుకుని వచ్చింది నయన.

నరసింహయ్యను బాధపెట్టింది విద్య కాదు, వ్యాపారం చేసే తీరు. జలుబు చేసినవాడు డబ్బు పట్టుకుని వస్తే, అడుగున చెవులు పోటు పెడతాయని నయన ఇంటికి పంపేది. రాత్రి తాగి వచ్చినవాణ్ణి పంపేసేది. ఈత రాకపోయినా ఫోటో కోసం దిగుతానన్నవాణ్ణి మరీ తొందరగా పంపేసేది. నలుగురికి మించి ఒకసారి తీసుకునేది కాదు. నీళ్లలోకి వేసుకుని దిగిన ప్రతి రబ్బరు సూటునూ తన బట్టలకన్నా శ్రద్ధగా ఉతికేది.

"వచ్చిన గిరాకీని ఎనక్కి పంపే అంగడి యాడన్నా చూసినావా పాపా?" అన్నాడు నరసింహయ్య ఒకరోజు.

"ఎనక్కి పంపినోళ్లంతా బతికే ఉండారు కదా నాయనా. మళ్లా వస్తారు," అంది నయన.

ఆ శనివారం బెంగుళూరు నుంచి ప్రతిమ అనే ఆమె రావాలి. ఇలాంటి అంగళ్లను పరీక్షించడం ఆమె పని. ఆమె ఒప్పుకుంటే నయన తన శిష్యులకు తానే సర్టిఫికెట్ ఇవ్వవచ్చు. ఒప్పుకోకపోతే వాళ్లు అందుకోసం మరో ఊరు పోవాలి, అప్పుడు పావగడకు ఎందుకు వస్తారు? అందుకే నరసింహయ్య కూడా ఒక మాట అనేశాడు. ఈసారి కాకపోతే ఆ సగం అంగడి సిమెంటు గోడౌనుకు ఇచ్చేస్తానన్నాడు. నయన సరేనంది. తల్లి పద్మాక్షి మాత్రం ఆ మాట విన్నప్పటి నుంచి భర్తకు అన్నం పెడుతోంది గానీ, కూర ఎలా ఉందని అడగడం మానేసింది.

పొద్దున్నే చేసుకున్న ఏర్పాటు చాలా సులభమైనది. నయన బలసముద్రం పోయి బావి దగ్గర నిచ్చెన, తాళ్లు సరిచూస్తుంది. ఇక్కడ మిషను ఐదు సిలిండర్లలోకి గాలి నింపుతూ ఉంటుంది. గాలి ఎంత నిండిందో చూపే ముల్లు ఎర్రగీత దగ్గరకు రాగానే నరసింహయ్య స్విచ్చి ఆపాలి. ఇంకేదీ ముట్టుకోకూడదు.

ఆయన నిజంగానే ఇంకేదీ ముట్టుకోలేదు. స్నానం చేసి, శనివారం గనుక రోజూ కన్నా రెండు పలుకులు ఎక్కువే సాంబ్రాణి వేసి, తన అంగడిలో తాళ్లకూ తక్కెడకూ చూపించాడు. కూతురి సగంలోకి వచ్చి సిలిండర్లకు బొట్లు పెట్టాడు, పొగ చూపించాడు. మిషను దగ్గర ఆగాడు. దాని నుంచి ఒక గొట్టం కిటికీ గుండా పెరట్లోకి పోయి ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఉంటుంది. ఇది మిషను ముక్కు, మంచి గాలి పీల్చుకుంటుంది అని నయనే ఒకసారి చెప్పింది. ముక్కున్నదానికి పొగ ముక్కు దగ్గర కదా చూపించాలి. నరసింహయ్య పెరట్లోకి పోయి ధూపం గొట్టం కింద పట్టుకున్నాడు. పొగంతా ఒక్క పోగు కూడా పక్కకు పోకుండా లోపలికి వెళ్లింది. ఇంత ఇష్టంగా పీల్చుకున్న దేవుణ్ణి ఆయన అంతవరకు చూడలేదు. అందుకని ఇంకో రెండు పలుకులు వేశాడు.

ముల్లు ఎర్రగీతకు వచ్చింది, స్విచ్చి ఆపాడు. కాసేపటికి నయన ఫోను చేసి, ఒక సిలిండరు మీట కొంచెం తిప్పి వాసన చూడమంది.

"బ్రహ్మాండంగా ఉండాది పాపా. గుళ్లో నిలబడినట్టే ఉండాది."

బావి దగ్గర నయన చేతిలోని తాడు కింద పెట్టేసింది.

"మిషను ముక్కు కాడ సాంబ్రాణి పెట్టినావా నాయనా?"

"రోంతే. రెండు పలుకులు."

"గాలికి ఏ వాసనా ఉండగూడదు. ఆ గాలి పీలిస్తే తల తిరుగుతాది. నీళ్ల అడుగున తల తిరిగినోడు పైకి రాడు నాయనా. అన్నీ బయట పెట్టి ఖాళీ చెయ్యి. మిషనులో ఫిల్టరు నేనొచ్చి మారుస్తా."

నరసింహయ్య ధూపం దూరంగా పెట్టేశాడు. ఐదు సిలిండర్లనూ ఒక్కొక్కటిగా మోసుకొచ్చి మెట్ల మీద వరసగా నిలబెట్టి, అన్నింటి మీటలూ వెంటవెంటనే తిప్పేశాడు. బుస్సుమని ఒక్కటే చప్పుడు. దానితో పాటు సాంబ్రాణి వాసన బజారు ఈ కొస నుంచి ఆ కొసకు కమ్ముకుంది. పక్కన టీ హోటలు నడిపే రామాంజినప్ప గరిటెతో సహా బయటికి వచ్చాడు.

"పేలుతాదా శెట్టీ?"

"ఉత్త గాలప్పా."

"ఉత్త గాలి ఇంత అరుస్తాదా?" అని రామాంజినప్ప లోపలికి పోయాడు.

శనివారం పావగడలో శనిమహాత్ముడి దర్శనానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. అప్పుడే ఒక బస్సు దిగినవాళ్లు వాసన పట్టుకుని ఇటు తిరిగారు. మెట్ల మీద నల్లటి నున్నటి రూపాలు, వాటి నుదుట బొట్లు, లోపలి నుంచి పరిమళం, బుసలు. ముందున్న పెద్దావిడ చెప్పులు విడిచి, నువ్వుల పొట్లం మొదటి సిలిండరు ముందు పెట్టి కళ్లు మూసుకుంది. వెనకున్నవాళ్లు కూడా చెప్పులు విడిచారు. చూస్తుండగానే వరస టీ హోటలు దాటింది.

నరసింహయ్య ఆమె దగ్గరకు పోయి ఇది గుడి కాదని మెల్లగా చెప్పాడు.

"మరి బొట్టు ఎవురు పెట్టినారు సామీ?" అంది ఆమె, కళ్లు తెరవకుండానే.

పెట్టింది తానే. చేతులు జోడించి నిలబడిన మనిషికి ఇక్కడ దేవుడు లేడని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. లేడని ఆయనకు మాత్రం ఏం తెలుసు? అందుకని పక్కకు జరిగి, తొందరగా దర్శనం చేసుకుని కదలమని మాత్రం అందరికీ చెప్పసాగాడు. రామాంజినప్ప వరసలోని వాళ్లకు టీలు అమ్మసాగాడు.

నయన స్కూటరు దిగేసరికి వరసలో ఐదో మనిషిగా, భుజాన పెద్ద సంచీతో, చెప్పులు చేత్తో పట్టుకుని ప్రతిమ నిలబడి ఉంది. అంగడి ఎక్కడని అడిగితే ఎవరో వరసలో రమ్మన్నారట.

సిలిండర్లు ఖాళీ అయి చప్పుడు ఆగింది, వాసన తగ్గింది. జనం నిరాశగా అసలు గుడి వైపు కదిలారు. నయన ఫిల్టరు మార్చి, గొట్టం శుభ్రం చేసి స్విచ్చి వేసింది. మిషను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. కరెంటు పోయింది. ఎక్కడెక్కడి ఊళ్లకో ఎండను కరెంటుగా పంపే తాలూకా, తన బజారులో విసనకర్రలు తీసింది.

ఆ ఖాళీలో ప్రతిమ అంతా చూసింది. సూట్లు చూసి తల ఊపింది. జలుబువాళ్లను పంపేసిన సంగతి విని ఇంకోసారి ఊపింది. తరువాత, నిండుగా ఉండాల్సిన సిలిండర్లు ఈ రోజే ఎందుకు ఖాళీగా ఉన్నాయని అడిగింది. ప్రతిమ వాళ్లది హిందూపురమట, తెలుగు బాగానే వచ్చు. నయన నోరు తెరిచేలోగా నరసింహయ్య, పాత గాలి అప్పుడప్పుడు మారుస్తూ ఉంటామని మొదలుపెట్టాడు.

మజ్జిగ గ్లాసులతో వచ్చిన పద్మాక్షి మధ్యలోనే అందుకుంది. "మిషను ముక్కులో సాంబ్రాణి ఏసినాడమ్మా మా ఆయన. చెప్పలేక నీళ్లు నములుతా ఉండాడు."

ప్రతిమ నవ్వలేదు. ఒక్క సిలిండరులో గాలి కూడా దాచుకోకుండా పారేయడం మంచి అంగడి లక్షణమని ఒప్పుకుంది. కానీ గాలి గొట్టం దగ్గరకు ఎవరైనా నిప్పుతో పోగలిగిన చోట తానెలా సంతకం పెట్టగలనని నయననే అడిగింది. గొట్టానికి కంచె కట్టిస్తానంది నయన.

"ఇంక ఒక్కటే మిగిలింది," అంది ప్రతిమ. "ఇక్కడ మంట లేస్తే, ఎంతసేపట్లో ఎవరొస్తారు?"

సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. వీళ్ల మాటలు వినలేక వీధి మెట్ల మీద కూర్చున్న నరసింహయ్య, గొట్టానికి చాలా దూరంలోనే ఉన్నానని రెండుసార్లు చూసుకుని, కరెంటు వస్తే వెలిగిస్తానని మనసులో మొక్కుకున్న కర్పూరం పళ్లెంలో పెట్టి వెలిగించాడు.

మంట జానెడు లేచిందో లేదో, పక్కన టీ హోటలు వైపు నుంచి ఒక నిండు బకెట్టు నీళ్లు వచ్చి కర్పూరాన్నీ పళ్లేన్నీ శెట్టినీ ముంచేశాయి.

ప్రతిమ వీధి వైపు చూసింది, చేతి గడియారం చూసుకుంది, ఆ రోజు మొదటిసారి నవ్వింది. నగరాల్లో పెద్ద పెద్ద అంగళ్లలో కూడా ఇంత తయారుగా ఉన్న మనిషిని చూడలేదంది. గొట్టానికి కంచె, దానికి తాళం, తాళంచెవి నాయన చేతికి అందనిచోట. ఈ మూడూ జరిగితే అనుమతి ఇచ్చినట్టే. నయన అక్కడే ఉన్న తాళ్ల చుట్ట మీద కూర్చుండిపోయింది. మధ్యాహ్నం ఏ వాసనా లేని గాలితో నలుగురు ఇంజనీర్లు బలసముద్రం బావిలో దిగారు, నలుగురూ పైకి వచ్చారు. సాయంత్రం పద్మాక్షి కూర ఎలా ఉందని అడిగింది.

ఇదంతా తరువాతి మాట; ప్రతిమ నవ్వినప్పుడు వీధి మెట్ల మీద నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. నరసింహయ్య తుండుగుడ్డ పిండుకుంటూ టీ హోటలు ముందుకు పోయి నిలబడ్డాడు.

"ఏందప్పా రామాంజినప్పా, కర్పూరమని కనపడలేదా?"

"కనపడె."

"మరి?"

ఎప్పుడో హోటలు పెట్టిన కొత్తలో తాలింపు గిన్నెలో మంట లేస్తే, నరసింహయ్య పరిగెత్తుకొచ్చి కొత్త బకెట్టుతో నీళ్లు తెచ్చి పొయ్యి మీదా, దోసెల పిండి మీదా, రామాంజినప్ప మీదా కుమ్మరించాడు. ఆ రోజు హోటలు మూసుకోవాల్సి వచ్చింది. నరసింహయ్య ఆ సంగతి ఎన్నడో మరిచిపోయాడు.

"ఆ పొద్దు నుంచి నీకొక బకెట్టు బాకీ శెట్టీ," అన్నాడు రామాంజినప్ప. "ఇయ్యాల తీరిపోయె."

వడ్డీ కింద రెండు టీలు కూడా పోశాడు.