సిరిల్ కెహో బెంచీ

ఆ శనివారం పొద్దున బెర్నార్డ్ కెహో వేసుకున్న పథకంలో చెడిపోవడానికి ఏమీ లేదు. తొమ్మిదిన్నర బస్సెక్కాలి. లివర్‌పూల్ పాత రేవు గేటు ముందు దిగాలి. పదకొండింటికి ఒక బెంచీ మీద కప్పిన గుడ్డ తీయాలి, దాని మీద అయిదు నిమిషాలు కూర్చోవాలి, ఒంటిగంటకల్లా ఇంటికొచ్చి నిన్నటి మాంసం పులుసు వేడి చేసుకుని తినాలి. ఎనభై ఒక్కేళ్ళ మనిషికి అంతకు మించిన కార్యక్రమం మంచిది కాదు కూడా.

కష్టమంతా ఆ అయిదు నిమిషాలు కూర్చోవడంలోనే ఉంది. ఆ బెంచీ అతని తమ్ముడు సిరిల్ జ్ఞాపకార్థం వేయించింది. అన్నదమ్ములిద్దరూ ఆ రేవులోనే మూటలు మోశారు. తొంభై అయిదులో సమ్మె వచ్చినప్పుడు బెర్నార్డ్ గేటు బయట నిలబడ్డాడు. సిరిల్ ఆరో వారం తలొంచుకుని గేటు దాటి లోపలికి, పనిలోకి పోయాడు. ఆ రోజు నుంచి తమ్ముడితో మాటల్లేవు. తల్లి పోయినప్పుడు ఇద్దరూ శవపేటికకు చెరో పక్కా భుజం పట్టారు, పట్టినంతసేపూ చెరో గోడనూ చూశారు. నిరుడు సిరిల్ పోతే బెర్నార్డ్ వెళ్ళలేదు. వెళ్ళనందుకు అప్పటినుంచీ లోపల ఏదో కొరుకుతూనే ఉంది. అందుకే సిరిల్ కూతురు మొరీన్ ఫోన్ చేసి, "పెదనాన్నా, గుడ్డ నువ్వే తీయాలి" అన్నప్పుడు సరేనన్నాడు. అన్నాక వారం రోజులు తనను తానే తిట్టుకున్నాడు.

రేవు ఇప్పుడు రేవు కాదు, మెరీనా. మూటలుండే గిడ్డంగుల్లో ఫ్లాట్లు కట్టారు. ఓడలు ఆగే చోట తెల్లపడవలు ఆగుతాయి. వాటి యజమానులు ఏడాదికి రెండుసార్లొచ్చి, కాఫీ తాగి, పడవ ఉందో లేదో చూసుకుని పోతారు. క్రేనుకు రంగేసి దీపాలు చుట్టారు. మనుషుల్ని వెళ్ళగొట్టాక మిగిలిన ఇనుమునంతా వారసత్వం అంటున్నారు.

ఆ వారసత్వానికి ఆ శనివారమే పండగ. మెరీనా మేనేజరు ట్రిస్టన్, పాతికేళ్ళవాడు, పాత సమ్మెను గేటు దగ్గర నటించి చూపిస్తే జనానికి బాగుంటుందనుకున్నాడు. నలుగురు నటుల్ని పిలిపించాడు. పాతకాలపు టోపీలు, చేతుల్లో నినాదాల అట్టలు, నడుమ చలిమంటకు ఓ ఇనప డ్రమ్ము, అందులో నిప్పుకు బదులు బల్బూ ఎర్రకాగితమూ. ఇదంతా నాటకమని కరపత్రంలో స్పష్టంగా రాశారు. కరపత్రం ఫోన్లో చూసుకోవాలి. బెర్నార్డ్ ఫోను గోడకు తగిలించి ఉంటుంది.

బస్సు దిగి చూస్తే గేటుకు అడ్డంగా సమ్మెవాళ్ళ వరస, పికెటింగ్. బెర్నార్డ్ ఆగిపోయాడు. ఎవరి సమ్మె, ఎందుకు సమ్మె అని అడగడం వాళ్ళ ఇంటా వంటా లేదు. పికెట్ కనబడితే దాటకూడదు, అంతే. అడిగి తెలుసుకుని ఆగేవాడు ఏదో ఒకరోజు అడిగి తెలుసుకునే దాటతాడని వాళ్ళ నాన్న చెప్పేవాడు. చేతులు కట్టుకుని రోడ్డుకు ఇవతలే నిలబడ్డాడు.

అతను ఒక్కడూ నిలబడితే ఏ గొడవా ఉండేది కాదు. బీరు పీపాల లారీ వచ్చింది. దాని డ్రైవరు తండ్రీ రేవు మనిషే. బెర్నార్డ్‌ను గుర్తుపట్టి, ఆయనే ఆగాడంటే కారణం ఉండే ఉంటుందని, గేటుకు అడ్డంగా లారీ ఆపి ఇంజను కట్టేశాడు. వెనకాలే బ్యాండుమేళం వచ్చింది, లారీ డ్రైవరు చెప్పింది విని బూరలు కింద పెట్టేసింది. ఆపైన కౌన్సిలరమ్మ కారు. మేలో ఎన్నికలు. ఆవిడ కారు దిగను కూడా దిగకుండా, ఈ పోరాటానికి మొదటినుంచీ తన మద్దతు ఉందని అద్దం దించి చెప్పింది. ఏ పోరాటమని ఎవరూ అడగలేదు. నటులు మాత్రం ఇంతమంది ప్రేక్షకుల్ని జన్మలో చూడలేదు, గొంతులు చించుకుంటున్నారు.

పదకొండు దాటాక మొరీన్ లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది.

"పెదనాన్నా, రా. వాళ్ళు నటులు."

"నటులైతే? వాళ్ళకి కడుపు ఉండదా?"

"అయ్యో, అది నిజం సమ్మె కాదు పెదనాన్నా."

"లోపలికి పోతూ మీ నాన్నా ఇదే మాటన్నాడు," అన్నాడు బెర్నార్డ్.

మొరీన్ మొహం తెల్లబోయింది. అతని చెయ్యి పట్టి డ్రమ్ము దగ్గరికి లాక్కెళ్ళి లోపలికి చూపించింది. బెర్నార్డ్ వంగి బల్బు చూశాడు, ఎర్రకాగితం చూశాడు. తన బతుకులో రెండున్నరేళ్ళు మంచులో కాచుకున్న మంట అది. అతనికి సిగ్గేసింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. అయినా గుడ్డ తీయాలి కదా అని గొణుక్కుంటూ గేటు వైపు ఓ అడుగెత్తాడు.

సరిగ్గా అప్పుడే ట్రిస్టన్ ఊగిపోతూ వచ్చాడు. బీరు లేదు, బ్యాండు లేదు, కౌన్సిలరమ్మ లేదు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక నటుల మీద చూపించాడు. అట్టలు పారేసి పొమ్మన్నాడు. సాయంత్రం దాకా కదా మాట్లాడుకున్నది అని వాళ్ళలో పెద్దది, కార్మెల్ అనే ఆవిడ అడిగింది.

"మాటా లేదు, జీతమూ లేదు. మీ నలుగురికీ పని పోయింది. వెళ్ళండి."

కార్మెల్ కదల్లేదు. అట్ట తిరగేసి, లారీ డ్రైవరు దగ్గర పెన్ను అడిగి, వెనకవైపు 'మా జీతం మాకివ్వండి' అని రాసింది. మిగతా ముగ్గురూ రాశారు. గేటుకు అడ్డంగా మళ్ళీ వరస కట్టారు. ఈసారి ఎవరూ అరవలేదు.

బెర్నార్డ్ ఎత్తిన కాలు వెనక్కి దించాడు.

"నాన్న బతికుండగా రాలేదు. పోయాకా రాలేదు," అంది మొరీన్, ఏడుపు ఆపుకోకుండానే. "నాలుగడుగులు, పెదనాన్నా. నాలుగే."

"మీ నాన్న వేసిందీ నాలుగే తల్లీ."

అది అన్నందుకు తనను తానే తిట్టుకున్నాడు. అయినా కాలు కదల్లేదు. ఒడ్డున కాఫీ పట్టుకుని నిలబడ్డ ఫ్లాట్లవాళ్ళు మాత్రం ఫోన్లు తీసి, ముసలాయన ఎంత సహజంగా చేస్తున్నాడో అని మెచ్చుకుంటున్నారు.

మొరీన్ కళ్ళు తుడుచుకుని లోపలికి పోయింది. గుడ్డ తీశాక బిగిద్దాంలే అని బెంచీకి బోల్టులు వేయలేదు. అక్కడి హోటల్లో గిన్నెలు కడిగే ఇద్దరిని కేకేసింది. ముగ్గురూ కలిసి ఆ బెంచీని రాళ్ళ మీద కీచుమనిపించుకుంటూ గేటు దాటించి, పికెట్ వరసలో, కార్మెల్ పక్కన పడేశారు. అది మెరీనాలో ఉండాల్సిన సామానని ట్రిస్టన్ అన్నాడు. మొరీన్ అతని వైపు చూసిన చూపుకు మళ్ళీ అనలేదు.

బెర్నార్డ్ గుడ్డ లాగాడు. ఇత్తడి రేకు మీద సిరిల్ పేరుంది. దాన్ని మోచేత్తో ఒకసారి తుడిచాడు. తరవాత బెంచీకి ఓ చివర, పక్కన ఒక మనిషికి చోటు వదిలి, కూర్చున్నాడు.

"వెధవా," అన్నాడు మెల్లగా. "అప్పుడే ఇక్కడ నిలబడి ఉంటే పోయేదేముంది?"

ముప్ఫై ఏళ్ళు ఆలస్యంగానైనా, సిరిల్ సమ్మెలో చేరాడు.