ఎనిమిది వాకిళ్ల షెడ్డు

"మంజూరైన కొయ్య అరవై ఘనపుటడుగులు. ఒక్క పేడు కూడా దారి తప్పనియ్యను!"

షెడ్డు కమిటీ చైర్మన్ దొరస్వామి గారు మైకులో ఇలా ప్రకటించగానే నేను గట్టిగా చప్పట్లు కొట్టాను. పేపరు విలేకరిని, ముందు వరసలో కుర్చీ నాది.

నగరి దగ్గర మా ఊళ్లో నేతవాళ్లకు కడుతున్న మగ్గాల షెడ్డు అది. గోడలు లేచాయి, కప్పు వెయ్యడం మిగిలింది. వాన పడితే నేతపని చేసే కుప్పమ్మ ఇంట్లో మగ్గం గుంత నీళ్లతో నిండిపోతుంది. కాళ్లు ఆ గుంతలో పెట్టుకునే నేయాలి గదా. వానలు రాకముందే షెడ్డులోకి మారాలని ఆమె ఆశ.

వడ్రంగి వరదయ్య చెవి మీది పెన్సిలు తీశాడు.

"దూలాలకు ముప్పై, వాసాలకు ఇరవైరెండున్నర, తలుపులతో కలిపి వాకిలికి ఏడున్నర. అరవైకి సరిపాయ."

"వాకిలి ఒకటేనా?" చైర్మన్ గారి మొహం వాడింది. "కమిటీలో ఎనిమిది మందిమి ఉండామే. రిబ్బను కత్తిరించి ముందు ఎవురు పోవాల?"

ఇంత గొప్ప ప్రశ్న మా ఊళ్లో ఇంకెవరికీ తట్టలేదు, సిగ్గుపడ్డాను. నాలుగు మీటింగులు, ప్రతిదాంట్లోనూ మసాలవడలు. చివరికి మనిషికొక వాకిలి అని తీర్మానం. ఎనిమిది ఏడున్నరలు అరవై! సరిసంఖ్య శుభమని సిద్ధాంతి మునిరామయ్య కూడా మెచ్చుకున్నాడు.

"మరి కప్పుకు కొయ్య యాడిదన్నా?" అన్నాడు వరదయ్య.

"పైనుంచి ఎవురన్నా లోపలికి వస్తారా అప్పా?"

వరదయ్య పెన్సిలు మళ్లీ చెవి మీద పెట్టుకున్నాడు.

గోడలకు ఇంకో ఏడు బొక్కలు కొట్టి ద్వారబంధాలు ఎత్తారు. అన్నింటికీ పసుపు, కుంకుమ, మామిడాకులు. ప్రారంభం నాడు ఎనిమిది కత్తెరలు ఒక్కసారే కదిలాయి. చెప్పులు బయటే విడిచి అందరం లోపలికి పోయాం. చైర్మన్ గారు మైకు అందుకున్నారో లేదో, వాన దబదబా దిగింది.

"తలుపులు ముయ్యండప్పా! వాన లోపలికొస్తాది!"

ఎనిమిదీ మూశాం. గడియలు కూడా పెట్టాం.

కుప్పమ్మ మాత్రం ఓ తలుపు గడియ తీసి వరదయ్యను పిలిచింది. "ఈ రెక్క ఊడదీసియ్యి నాయనా. ఇంటికాడ మగ్గం మింద అడ్డం పెట్టుకుంటా."

ఆ రెక్కను నెత్తిన పెట్టుకుని ఇద్దరూ వానలో నడిచిపోయారు. వచ్చినవాళ్లందరిలో ఇక తడవనిది వాళ్లిద్దరే.

చైర్మన్ గారు మొహం తుడుచుకుని నా భుజం తట్టారు. "రాసుకో అప్పా. మొదటిరోజే మన కొయ్య నేతవాళ్లకు నీడైంది!"

రాసుకుంటూ తలెత్తి చూశాను. మిగతా తలుపుల దగ్గర నేతవాళ్లు వరస కట్టి నిలబడ్డారు. వరదయ్య ఎప్పుడు తిరిగొస్తాడని అడుగుతున్నారు.